ఇనుమునకు కొయ్య కుదురు

మన ఇండ్లలో కుండ క్రింద కుదురు పెట్టుట ఎల్లరు ఎరిగినదే. అడుగు గుండ్రముగా నుండు కుండ చదునైన నేలపై నిలువదు. గడ్డితోనో పాతబట్టతోనో చుట్టిన కుదురు దానికి కావలెను. కుదురు చిన్నదైనచో కుండ దొర్లును, పెద్దదైనచో ఊగును, సరిపోయిన కుదురు దొరికినచో నిండుకుండ తొణకదు. ఈ చిన్న మాటతోనే మనము కుదురైన మనిషి యనియు, కాపురము కుదుటపడినదనియు, పరాయి సీమలో కుదురుకొంటిమనియు చెప్పుకొనుచున్నాము.

కోవిల్‌పట్టి, విరుదునగరము, సాత్తూరు, శివకాశి, రాజపాళయము ప్రాంతములలో తరతరములుగా కుదురుకొన్న తెలుగు కుటుంబముల ముందు మేము ఈ మాట ఎత్తుటకు కారణము కలదు. మేము చెప్పబోవునది తుపాకి చరిత్ర. అందులోను తుపాకి గొట్టము చరిత్ర కాదు. ఆ గొట్టము పడుకొని యుండు కొయ్య చరిత్ర. గొట్టమును గూర్చి వ్రాసినవారు పెక్కుమంది. కొయ్యను తలచుకొన్నవారు అరుదు. కాని గుండు గురికి తగులుటకు గొట్టమెంత ముఖ్యమో, దానిని మోయు కొయ్యలోని కుదురు కూడ అంత ముఖ్యము. పనివారు దీనినే 'బెడ్డింగ్' అందురు. మేము ఈ వ్యాసమున దానిని కుదురనియే పిలుతుము.

మన పాళయముల తుపాకులు

విజయనగర సామ్రాజ్య కాలమున మన పెద్దలు దక్షిణమునకు వచ్చిరి. 1529లో విశ్వనాథ నాయకుడు మధుర పాలన చేపట్టిన తరువాత దేశమును డెబ్బదిరెండు పాళయములుగా విభజించిరని ప్రసిద్ధి. ఈ నల్లరేగడి సీమలో పాళెగాండ్రు పలువురు తెలుగు మాటాడువారే. పాంచాలంకురిచ్చి కట్టబొమ్మన వంశమువారును, దాని పొరుగునున్న ఎట్టయపురము వారును రాజకంబళ కులజులు.

ఆ కాలమున ఈ దేశపు సేనల చేతిలో నుండినది వత్తి తుపాకి. ఒక నిప్పు వత్తిని కొక్కెమునకు తగిలించి, మీట లాగగానే అది మందుపై వాలునట్లు చేసిన ఏర్పాటది. ఆ తుపాకి నిర్మాణమును గమనింపుడు. పొడవైన ఇనుప గొట్టము. దాని క్రింద సన్నని కొయ్య. రెంటిని కలిపి కట్టిన లోహపు పట్టీలు, లేదా తోలు, తీగ చుట్లు. గొట్టమును కొయ్యలో మరలతో బిగించుట లేదు. కట్టు వదులైనచో మరల కట్టుకొనవచ్చును. నాగలికి కఱ్ఱు దిగగొట్టు కమ్మరియు, బండికి ఇరుసు చెక్కు వడ్రంగియు కలిసి కూర్చుండినచో ఊరిలోనే బాగుచేసికొనదగిన సాధనమది.

ఇట్టి తుపాకులతోను, వానికంటె ఎక్కువగా పొడుగాటి బల్లెములతోను మనవారు కుంఫిణీ సేనలను ఎదిరించిరి. 1799 సెప్టెంబరులో బ్యానర్మన్ సేన పాంచాలంకురిచ్చి కోటపై బడెను. కట్టబొమ్మన పట్టుబడి, ఆ సంవత్సరమే అక్టోబరు 16వ తేదీన కోవిల్‌పట్టికి దక్షిణముననున్న కయత్తారులో ఉరితీయబడెను. 1801 ఫిబ్రవరిలో ఆతని తమ్ముడు ఊమైదురై పాళయంకోట చెఱ నుండి తప్పించుకొని వచ్చి, నేలమట్టమైన మట్టికోటను కొలది దినములలో తిరిగి లేపెను. మార్చి నెలాఖరున వచ్చిన కుంఫిణీ దండు ఆ మట్టిగోడ ముందు ఓడి వెనుదిరిగెను. మే నెలలో గాని కోట వారి వశము కాలేదు. ఆ పోరును కన్నులార చూచిన సేనాధికారి జేమ్స్ వెల్ష్ 1830లో ప్రకటించిన తన జ్ఞాపకములలో ఊమైదురైని మెచ్చుకొనుచు వ్రాసినాడు.

ఈ కథ చెప్పుకొనునపుడు మనకు ఛాతీ ఉప్పొంగుట సహజమే. అయినను చరిత్ర అన్నపుడు సగము చెప్పి సగము మింగరాదు. ఎట్టయపురము పాళెగాండ్రు కుంఫిణీ పక్షమున నిలిచిరి. తెలుగు పాళయమునకు ఎదురుగా నిలిచినది తెలుగు పాళయమే. వీరులును మనవారే, వారికి ఎదురు నిలిచినవారును మనవారే. రెండును మన ఇంటి కథలే.

ఆయుధములు పోయిన తరువాత

1801 డిసెంబరులో మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ఒక ప్రకటన చేసి పాళెగాండ్రును, వారి జనమును ఆయుధములు విడువుమని ఆజ్ఞాపించెను. కోటలు కూలినవి. పాళెగాండ్రు జమీందారులైరి. కావలి పని చేసినవారు నాగలి పట్టిరి. ఈ నల్లరేగడి నేలలో ప్రత్తియు, సజ్జయు, జొన్నయు పండించి బ్రదికిన మన కుటుంబముల పల్లె బ్రదుకునకు అది యొక మలుపు. ఇడైచెవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్ తమిళమున వ్రాసిన 'గోపల్ల గ్రామము' నవలలో తెలుగువారి వలసను, వారు ఈ నేలను సేద్యమునకు తెచ్చుటను చెప్పినారు. ఇంట తెలుగు మాటాడిన ఆయన, 1991లో 'గోపల్లపురత్తు మక్కళ్' నవలకు సాహిత్య అకాడమీ పురస్కారము పొందినారు.

1878లో లిట్టన్ ప్రభుత్వము చేసిన ఆయుధముల చట్టముతో అనుమతి పత్రము లేక తుపాకి ఉంచుకొనుట దేశమంతట నేరమయ్యెను. భారతీయులకు విధించిన ఈ కట్టు ఐరోపీయులకు లేకుండుట చేత అది అవమానముగా తోచి, కాంగ్రెసువారు దానిని ఏండ్ల తరబడి నిరసించిరి. పల్లె కమ్మరికి తుపాకి పని క్రమముగ దూరమయ్యెను. కఱ్ఱు కాచుట, బండి చక్రమునకు ఇనుప పట్టా ఎక్కించుట మాత్రము మిగిలెను. ఆ రెండు పనులలోని నేర్పు కూడ ఇనుమును కొయ్యతో కుదుర్చు నేర్పే యని మరువరాదు.

బోల్టు తుపాకి రాక

ఇంతలో పడమటి దేశములలో తుపాకి రూపము మారెను. తలుపు గడియవలె వెనుకకు లాగి, ముందుకు త్రోసి, త్రిప్పి బిగించు బోల్టును 1841లో ప్రష్యా సేన డ్రైసె తుపాకితో స్వీకరించెను. 1871లో మౌజర్ తుపాకి వచ్చెను. స్కాట్లండులో పుట్టి కెనడా చేరిన జేమ్స్ పారిస్ లీ కల్పించిన యంత్రముతో 1888లో లీ మెట్‌ఫర్డ్, 1895లో లీ ఎన్‌ఫీల్డ్ బ్రిటిష్ సేనలోనికి వచ్చెను. 1907 నాటి పొట్టి లీ ఎన్‌ఫీల్డ్ రూపమే రెండు మహాయుద్ధములలోను భారత సిపాయి చేత నుండినది.

దీనిని మన దేశముననే చేయుటకు కలకత్తా చేరువ ఇచ్ఛాపురమున, పూర్వపు తుపాకిమందు కర్మాగారము వెలసిన చోటనే, 1904లో రైఫిల్ కర్మాగారము ఏర్పడెను. సైన్యపు .303 తూటాను పౌరులకు నిషేధించుట చేత, ఆ వరుసకే చెందిన .315 తుపాకిని పౌరుల కొరకు అచటనే చేసిరి. పొలము కాపుకును, ప్రాణరక్షణకును అనుమతి పొందిన కుటుంబములలో ఎక్కువగా కానవచ్చిన బోల్టు తుపాకి అదియే. ఆ కర్మాగారము 2021 అక్టోబరు నుండి ప్రభుత్వ సంస్థయైన అడ్వాన్స్‌డ్ వెపన్స్ అండ్ ఎక్విప్‌మెంట్ ఇండియా క్రింద నున్నది.

కుదురు ఏమి చేయును?

బోల్టు తుపాకిలో గొట్టమును యంత్రమును ఒక్క ఇనుప ముద్దగా బిగింపబడి, కొయ్యలో తొలిచిన గాడిలో పడుకొని యుండును. గుండు పేలినపుడు ఈ ఇనుము వెనుకకు తన్నును. ఆ తన్ను కొయ్యలోని కొన్ని చిన్న చోట్లపైననే పడును. ఆ చోట్లు రెండు ప్రక్కల సమముగా తాకుచున్నచో, ప్రతిసారి ఇనుము ఒకే విధముగ కదలి ఒకే చోటికి వచ్చి నిలుచును. ఒక ప్రక్క తాకి రెండవ ప్రక్క తాకకున్నచో, తన్ను అంతయు ఒక ప్రక్కనే పడి, ఇనుము మెలిదిరుగును, కొయ్య చీలును, గుండు తప్పును. గొట్టము కాల్చుచుండగా వేడెక్కి, ఎచటనైన కొయ్యకు ఒరసికొన్నచో, గుండ్లు వరుసగా ఒక దిక్కునకు జరుగుచు పోవును. కాల్చువాడు తన చేతిని నిందించుకొనును. దోషము చేతిది కాదు, కుదురుది.

కొయ్య జీవము లేనిదని మనమందుము గాని అది గాలిలోని తేమను త్రాగును, విడుచును. నార వెంబడి అది పెరుగుట తఱుగుట బహు స్వల్పము. నారకు అడ్డముగ అనేక రెట్లు అధికము. మన కరిసల్ సీమలో ఏడాదిలో చాల నెలలు పొడి గాలి. ఐప్పసి కార్తీక మాసములలో ఈశాన్య వాన. నేల బీటలు వారినట్లే కొయ్యయు ఎండి ముడుచుకొనును. వానకు నేల ఉబ్బినట్లే అదియు ఉబ్బును. లీ ఎన్‌ఫీల్డ్ ముందరి కొయ్యలో బిగింపు మర చుట్టును ఒక చిన్న ఇనుప గొట్టపు ముక్క యుండును. కొయ్య ఎండి ఆ ముక్క కంటె పలుచనైనచో, మర ఎంత త్రిప్పినను బిగియునది ఇనుప ముక్కయే గాని కొయ్య కాదు. చూచుటకు బిగువుగానే యుండును, లోపల వదులు. ఇట్టి వదులు మనుష్యుల మధ్యను కలదని పాఠకులు ఎరుగుదురు.

కొయ్య ఎచటిదను ప్రశ్నయు ముఖ్యమే. అక్రోటు కొయ్య బిగువైనది, కదలిక తక్కువైనది. అందుచేత తుపాకులకు దానిని మెచ్చిరి. ఆస్ట్రేలియాలోని లిత్‌గో కర్మాగారమువారు తమ దేశపు మెత్తని కొయ్యను వాడవలసి వచ్చినపుడు, తన్ను పడు చోట్ల రాగి పలకలు అమర్చిరి. ఇచ్ఛాపురమువారు ముందరి కొయ్య చీలకుండుటకై దానికి అడ్డముగ ఒక మర దిగించిరి. ఎచటి నేలకు తగిన కుదురు అచట వెదకుకొనవలసినదే.

ఒక ఇంటి తుపాకి

మా బంధువర్గమున ఒక ఇంట అనుమతి గల .315 తుపాకి యుండెను. పెద్దాయన బ్రదికియున్నంత కాలము దానిని తుడిచి, నూనె రాచి, గోడకు తగిలించువారు. ఆయన పోయిన తరువాత అనుమతి పత్రము కుమారుని పేర మారెను. వెనుక కొయ్య కొంచెము ఊగుచున్నదని ఇంటివారిలో ఒకరు పొడుగాటి మరత్రిప్పుడు చొనిపి లోపలి మరను గట్టిగ త్రిప్పిరి. టప్పున శబ్దమయ్యెను. ముందరి కొయ్య వెనుక అంచున చీలెను.

కారణము మాకు తరువాత తెలిసినది. ఈ తరగతి పాత తుపాకులలో వెనుక కొయ్యను బిగించు పొడవైన మర యొక్క కొన చతురస్రముగ నుండి, ముందరి కొయ్యలోని ఒక ఇనుప పలకలో కూర్చొనియుండును. ముందరి కొయ్యను విప్పకుండ ఆ మరను త్రిప్పినచో, ఆ కొన తిరిగి పలకను, పలక కొయ్యను చీల్చును. ఒక వైపు బిగువు కొఱకు చేసిన బలవంతము మఱియొక వైపు పగులు తెచ్చెను.

కుమారులు ఆలోచించిరి. ప్లాస్టిక్ కొయ్య కొని తగిలించుదమని ఒకరు. ఇక దీనితో పనియేమి, అధికారులకు ఒప్పగించుదమని ఒకరు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టముతో వేట ముగిసినది. పొలము కాపును తగ్గినది. వారి మాటలో తప్పు లేదు. కాని వారి తల్లి, 'ఆయన చేయి అరిగిన కొయ్య, నాయనా! ఇనుమును మీరేమైన చేసికొనుడు, కొయ్యను మాత్రము పారవేయవద్దు' అనెను. అంతట అనుమతి గల పనివాని యొద్దకు కొనిపోయిరి. మేమును వెంట వెళ్లితిమి.

ఆ పనివాడు వృద్ధుడు. ఇంట తెలుగు మాటాడువాడు. తుపాకిలో తూటా లేదని రెండు మార్లు చూచి, కొయ్య విప్పి, ముక్కున పెట్టుకొని వాసన చూచెను. 'పెద్దనాయన ఏమి నూనె రాచేవారండీ?' అని అడిగెను. వేరుసెనగ నూనె యని చెప్పిరి. ఆయన నవ్వెను. కోవిల్‌పట్టి కడలైమిఠాయికి ఆ వేరుసెనగ పేరు తెచ్చినది గాని, కొయ్యకు ఆ నూనె తగదు. అది ఆరదు, లోపలనే నిలిచి దుమ్మును పట్టుకొనును. అవిసె నూనె పలుచగ రాచినచో ఆరి పొరకట్టును. ఏండ్ల తరబడి జారిన నూనె చేత, తన్ను పడు చోట కొయ్య నల్లబడి మెత్తనై యుండెను. పగులునకు మరత్రిప్పుడు నెపమాత్రము. బలహీనత ముందే యున్నది.

ఆయన మొదట సుద్దపొడిని ద్రావకముతో కలిపి పట్టువేసి, ఆరనిచ్చి, దులిపి, మరల పట్టువేసి నూనెను బయటికి లాగెను. దీనికే కొన్ని దినములు పట్టెను. తరువాత మెత్తబడిన భాగమును గట్టి కొయ్య తగులు వరకు చెక్కి తీసివేసెను. అట్టి అక్రోటు ముక్కనే, నార అదే దిక్కున నుండునట్లు చూచి, ఆ చోట అతికెను. నార అడ్డమైనచో అతుకు ఒక్క వానకాలమునకే విడిపోవునని చెప్పెను. చీలికలోనికి జిగురు దిగనిచ్చి, బిగించి ఉంచెను.

అటుపిమ్మట అసలు పని మొదలయ్యెను. దీపపు మసిని నూనెతో నూరి ఇనుము అడుగున పలుచగ పూసెను. ఇనుమును కొయ్యలో దించి, తీసి చూచెను. ఎత్తుగ నున్న చోట్ల మాత్రము నల్లని మచ్చలు పడినవి. ఆ మచ్చలను మాత్రమే ఉలితో గీకెను. మరల మసి, మరల దించుట, మరల గీకుట. మసిపూసి మారేడుకాయ చేయుట అని మనము మోసమునకు సామెత చెప్పుదుము. ఇచట మసి పూయుట నిజము బయటపడుటకు. మొదట రెండు మూడు మచ్చలే; సాయంకాలమునకు తన్ను పడు రెండు చోట్లను మసి సమముగ పరచుకొనెను. ఒక్క గీకు ఎక్కువైనచో తిరిగి పెట్టుటకు వీలులేదని, ఆయన తుదకు ఉలిని కూడ వదలి సన్నని ఆకురాయి పట్టెను.

ఇనుప ముక్క పొడవును కొయ్య మందమునకు సరిచేసి, మర బిగించి, గొట్టము క్రింద ఒక కాగితపు పట్టీని జరిపి చూచెను. తగులవలసిన చోట అది ఆగెను. తగులరాని చోట హాయిగ జారెను. 'గొట్టము ఏనాడును చెడలేదండీ. కుదురు చెడినది' అని తిరిగి యిచ్చెను. అనుమతి గల గురి మైదానమున కాల్చి చూడగా, మునుపు చెల్లాచెదరైన గుండ్లు అరచేతి వెడల్పులో గుమిగూడెను.

నేటి పద్ధతులు

ఇపుడు ఉలితో మసి మచ్చలు గీకువారు తగ్గినారు. రెండవ మహాయుద్ధము తరువాత ఎపాక్సీ జిగురులు వ్యాపించినవి. గాడిని కొంచెము వెడల్పుచేసి, ఇనుమునకు మైనము పూసి, జిగురులో దించి ఆరనిచ్చినచో, ఇనుము ఆకారమే కుదురుగ అచ్చుపడును. మైనము మరచినచో ఇనుమును కొయ్యయు విడిపోవు. మరల చుట్టును లోహపు స్తంభములు అమర్చి, కొయ్య నలుగకుండ చేయుటయు కలదు. పోటీ తుపాకులకు కొయ్యనే విడిచి అల్యూమినియపు చట్రములు వాడుచున్నారు. 1951లో ఏర్పడిన భారత జాతీయ రైఫిల్ సంఘము నీడన ఎదిగిన ఈ క్రీడలో, 2024 పారిస్ ఒలింపిక్సున స్వప్నిల్ కుశాలె 50 మీటర్ల రైఫిల్ మూడు భంగిమల పోటీలో కాంస్యము గెలిచినాడు. సాధనములు మారినను సూత్రము మారలేదు: తాకవలసిన చోట పూర్తిగ తాకవలెను, తాకరాని చోట తాకరాదు, ఎచటను బలవంతము ఉండరాదు.

ఒక హెచ్చరిక చేయవలెను. 1959 ఆయుధముల చట్టము ప్రకారము తుపాకులను మరమ్మతు చేయు వృత్తికి అనుమతి కావలెను. కావున మేము వ్రాసినది చూచి ఎవరును ఇంట ఉలి పట్టరాదు. అనుమతి గల పనివానికే అప్పగింపవలెను. తండ్రి తాతల తుపాకి ఇంట మిగిలియున్నచో దాని పత్రములు సరిగ నున్నవో లేవో ముందుగ చూచుకొనవలెను.

తుది మాట

ఇనుము ఒక జాతి, కొయ్య ఒక జాతి. ఇనుము కొయ్య కాదు. కొయ్య ఇనుము కాదు. ఎండకు ఒకటి ఒక విధముగను, వానకు ఒకటి ఒక విధముగను నడచును. అయినను ఓర్పుతో కుదిర్చినచో రెండును ఒక్క సాధనమై మూడు తరములు నిలుచును. తమిళ దేశమున కుదురుకొన్న మనము ఈ మాటను మఱియొకరు చెప్పగా వినవలసిన పని లేదు. వీధిలో తమిళము, ఇంట తెలుగు. రెంటి నడుమ తరతరముల కుదురు. ఆ కుదురు ఇపుడు కొంత మెత్తబడినది. మనుమలకు తెలుగు వినబడును గాని పలుకదు; చదువ రాదు. దీనికి ఎవరిని నిందింతుము? ఏండ్ల తరబడి ఆరని నూనె రాచినవారము మనమే. పెద్దల వీరగాథలు చెప్పి తృప్తిపడితిమి. అక్షరములు నేర్పుట మరచితిమి.

బలవంతముగ మర త్రిప్పిన పగులు పెద్దదగును. పారవేసి ప్లాస్టిక్ తగిలించుట సులభమే గాని, ఆ తల్లి అన్నట్లు చేయి అరిగిన కొయ్య మరల దొరకదు. మెత్తబడిన చోటు ఏదో మసిపూసి చూచుకొని, అట్టి కొయ్యముక్కనే, నార దిక్కు తప్పకుండ అతుకుకొనవలెను. దినమునకు ఒక పది నిమిషములు మనుమని దగ్గర కూర్చుండి అక్షరములు దిద్దించుట అట్టి అతుకే. ఆ ఇంటి గోడపై బాగుపడిన తుపాకి నేటికిని వ్రేలాడుచున్నది. దాని క్రింద గోడపై, పెద్దాయన చేతివ్రాతలోని తెలుగు లెక్కల పుస్తకపు పుట యొకటి పటము కట్టించి యున్నది. దానిని చదువగలవాడు ఇపుడు ఆ ఇంట ఒక్కడే. వచ్చే సంక్రాంతికి ఇద్దరు కావలెనని ఆ తల్లి కోరిక. మా కోరికయు అదియే.